తడి చెత్త మన గేటు దాటకూడదు

సంపాదకుడు గారికి నమస్కారం.

వానాకాలం వచ్చిందంటే హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన గురించి మీ పత్రిక జిల్లా పేజీల్లో ఏదో ఒక వార్త వస్తూనే ఉంటుంది. చుట్టుపక్కల కాలనీల వాళ్లు ధర్నా చేశారనో, అధికారులు వచ్చి చూసి వెళ్లారనో ఉంటుంది. చదివి, అయ్యో పాపం అనుకుని పేజీ తిప్పేసేదాన్ని. నేను మల్కాజిగిరిలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాను. మా చెల్లెలు వాళ్లు ఆ యార్డు పక్కనే ఉన్న దమ్మాయిగూడలో ఇల్లు కట్టుకున్నారు. ఆ వార్తల్లో లేని ఒక మాట చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను, కాస్త పొడుగైనా దయచేసి కత్తిరించకుండా వేయండి.

రెండేళ్ల కిందట శ్రావణమాసంలో వాళ్లింట్లో వ్రతానికి వెళ్లి ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. సాయంత్రం వాన పడి వెలిసింది. తొమ్మిదింటికి భోజనాలకు కూర్చున్నామో లేదో గాలి ఇటు తిరిగింది. కుళ్లిన కూరగాయల వాసన అని చెబితే సరిపోదు, గొంతులోకి దిగి నాలుక మీద నిలబడే పుల్లటి కంపు అది. చెల్లెలు లేచి ఒక్కో కిటికీ మూసుకుంటూ వెళ్లింది, తలుపు కింద తడిగుడ్డ మడిచి పెట్టింది, అదంతా రోజూ దీపం పెట్టినంత మామూలుగా చేసేసింది. వాళ్ల చిన్నాడు పులిహోర పళ్లెం పక్కకు నెట్టేశాడు. "గాలి ఇటు తిరిగితే ఇంతే అక్కా, అలవాటైపోయింది" అంది. అలవాటైపోయింది అన్న మాటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

మర్నాడు ఇంటికొచ్చి వంటింట్లో నిండిపోయిన చెత్త కవర్ ముడి వేసి గుమ్మం బయట పెట్టబోతుంటే చెయ్యి ఆగిపోయింది. ఈ కవర్ ఎక్కడికి పోతుంది? మెట్ల దగ్గర నుంచి కిందికి, కింద డబ్బాలోంచి ఆటోలోకి, ఆటో నుంచి ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కి, అక్కడి నుంచి పెద్ద లారీలో జవహర్‌నగర్‌కి. అంటే మా చెల్లెలి కిటికీ దగ్గరికి. ఇన్నేళ్లుగా నేను ముడి వేసి పంపిందే నిన్న రాత్రి ఆ పిల్లాడి పళ్లెం ముందుకు వచ్చింది. మన గుమ్మం ఊడ్చి పక్కింటి ముందు పోస్తే ఊళ్లో ఊరుకుంటారా? మనం చేస్తున్నది సరిగ్గా అదే, కాకపోతే పక్కిల్లు పది కిలోమీటర్ల దూరంలో ఉంది కాబట్టి తగువు రావడం లేదు.

ఆ రోజు నేను ఒక పని చేశాను, ఇది చదివేవాళ్లు ఒక్కసారి చేసి చూడమని బతిమాలుతున్నాను. కవర్ ముడి విప్పి బాల్కనీలో పాత పేపర్లు పరిచి మొత్తం కుమ్మరించాను. సొరకాయ చెక్కు, టీ పొడి, అరటి తొక్కలు, ముందురోజు మిగిలిన అన్నం గుప్పెడు, కరివేపాకు రెమ్మలు, పూజ దగ్గర వాడిన పూలు, గుడ్డు పెంకులు. వాటి మధ్యలో మూడు పాల ప్యాకెట్లు, ఒక బిస్కెట్ రేపర్, కొరియర్ కవర్, అయిపోయిన మాత్రల స్ట్రిప్, ఒక పాత షేవింగ్ బ్లేడు. వంటింటి కాటా మీద తూచాను. మొత్తం కిలో నూట యాభై గ్రాములుంటే అందులో దాదాపు తొమ్మిది వందల గ్రాములు తడిదే. పొడిదాన్ని కడిగి ఆరబెడితే ఒక చిన్న సంచిలో మూలన పట్టింది, వాసన కూడా లేదు. చెత్త అని మనం ముక్కు మూసుకునేదంతా తిండి మిగులే, నేల మీద పడితే రెండు నెలల్లో మట్టి అయిపోయేదే. దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి గాలాడకుండా ముడి వేయడం వల్లనే అది కంపుగా మారుతోంది.

ఇందులో పెద్ద సైన్సు కూడా లేదు. గాలి తగిలేలా కుళ్లితే ఎరువు అవుతుంది. గాలి తగలకుండా గుట్టల కింద నొక్కుకుపోతే మీథేన్ పుడుతుంది, ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 80 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచే వాయువు అది. డంపుల్లో ఎండాకాలం మంటలు రేగితే ఆరకుండా ఉండటానికి ఒక కారణం కూడా అదే. ఇక ఆ తడిలోంచి ఊరే నల్లటి నీళ్లున్నాయే, వానకు అవి ఎక్కడికి పోతాయి? వాలు ఎటుంటే అటు. జవహర్‌నగర్ పక్కన మల్కారం చెరువు ఎలా పాడైపోయిందో మీ పత్రికలోనే ఎన్నోసార్లు వచ్చింది. అక్కడ చెత్తతో కరెంటు తీసే ప్లాంటు 2020లో మొదలైంది కదా, ఇంకేంటి అంటారు కొందరు. తడి కలిసిన చెత్త సరిగా మండదండి. కూరగాయల తొక్కుల్లో ముప్పాతిక వంతు నీళ్లే ఉంటాయి, ముందు ఆ నీళ్లను ఆవిరి చేయడానికే సగం వేడి పోతుంది. హైదరాబాద్‌లో రోజుకు ఏడు వేల టన్నులకు పైగా చెత్త వస్తోంది. అందులో దాదాపు సగం తడిదే. ఆ సగం మన గేట్లు దాటకపోతే లారీలు తగ్గుతాయి, డీజిల్ తగ్గుతుంది, నల్లనీళ్లు తగ్గుతాయి, మిగిలిన పొడి చెత్త సంచుల్లో కట్టి అమ్ముకునేంత శుభ్రంగా ఉంటుంది.

అందుకే ఈ విషయంలో నా మాట ఒకటే. నగరంలో ఉండేవాళ్లు చేయగలిగిన పనులు పాతిక చెబుతారు, అన్నీ మంచివే, కానీ ముందు ఈ ఒక్కటి చేయాలి. తడి చెత్త మన గేటు దాటకూడదు.

ఎందుకు ఇదే ముందు అంటున్నానో ఇంకో సంగతి చెబుతాను. మా వాచ్‌మన్ భార్య ప్రతి ఫ్లోర్ నుంచి కవర్లు కిందికి దించుతుంది. నేను బ్లేడు సంగతి చెబితే తన కుడిచెయ్యి చాపి చూపించింది. బొటనవేలి మొదట్లో అంగుళం పొడుగున తెల్లటి గీత, చూపుడువేలి పక్కన ఇంకోటి. మొదటిది పగిలిన గ్లాసు, రెండోది ట్యూబ్‌లైట్ ముక్క. "కవర్ మీద చెయ్యి పెట్టాలంటేనే భయంగా ఉంటదమ్మా, లోపల ఏముందో తెల్వదు కదా" అంది. మా అపార్ట్‌మెంట్‌లో అందరం చదువుకున్నవాళ్లమే. ఆ గ్లాసు ఎవరింటిదో ఎవరికీ తెలియదు, మాదే కావచ్చు. ఇప్పుడు పగిలిన గాజు, బ్లేడ్లు, పాత మందులు, బల్బులు అన్నీ మా దగ్గర ఒక అట్టపెట్టెలో వేరుగా పోగవుతాయి, పెట్టె మీద ఎర్ర స్కెచ్‌తో రాసి ఉంటుంది. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు పేపర్‌లో చుట్టి ఎర్ర చుక్క పెట్టి ఇస్తారు. ఇది చేయడానికి ఇంటికి రోజుకు రెండు నిమిషాలు కూడా పట్టదు.

ఇక తడి చెత్తను ఎరువు చేసే డ్రమ్ముల సంగతి. ఇదే అందరూ అడుగుతారు కాబట్టి వివరంగా రాస్తాను.

మాది ఇరవై నాలుగు ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. మొదటి ఆరు నెలలు నేనొక్కదాన్నే బాల్కనీలో రెండు పాత పెయింటు బకెట్లకు చిల్లులు పొడిపించి చేశాను. మొదటి బకెట్ పాడైంది. తొక్కలు మాత్రమే వేసి మూత పెట్టాను, వారంలో అడుగున నీళ్లూరి కంపు కొట్టింది. తడి ఎంత వేస్తే అంత, వీలైతే అంతకన్నా కాస్త ఎక్కువే ఎండుటాకులు వేయాలని అప్పుడు తెలిసింది. ఎండుటాకులు దొరకకపోతే కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), అదీ లేకపోతే చింపిన గుడ్డు అట్టలు, రంపపు పొట్టు. రెండోసారి ఆకులు కలిపి, గుప్పెడు పాత మట్టి, ఒక గ్లాసు పుల్ల మజ్జిగ చల్లాను. పది రోజుల తర్వాత చెయ్యి పెట్టి చూస్తే లోపల వేడిగా ఉంది, అప్పుడే దించిన అన్నం గిన్నెను బయట తాకినంత వేడి. వాసన చూస్తే తొలకరికి తడిసిన నేల వాసన. ఆ బకెట్‌నే జనరల్ బాడీ మీటింగ్‌కి పట్టుకెళ్లి మధ్యలో పెట్టాను.

మీటింగ్‌లో గొడవ బాగానే జరిగింది. వాసనొస్తుంది, ఎలుకలొస్తాయి, దోమలొస్తాయి, మెయింటెనెన్స్ పెరుగుతుంది, ఫ్లాట్ల రేటు పడిపోతుంది అన్నారు. మూత తీసి అందరి ముందూ పెట్టాక వాసన మాట ఆగింది. చివరికి మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ మాస్టారు లేచి "నెల రోజులు చేసి చూద్దామమ్మా, బాగోకపోతే తీసేద్దాం" అన్నారు, అలా మొదలైంది. నీలం రంగు 200 లీటర్ల పాత డ్రమ్ములు ఎనిమిది కొన్నాం, ఒక్కొక్కటి దాదాపు వెయ్యి రూపాయలు పడింది. చుట్టూ చిల్లులు, అడుగున ఒక కుళాయి, ఇటుకల మీద ఎత్తు పెట్టి పార్కింగ్ వెనక గోడ పక్కన వరసగా నిలబెట్టాం. అన్ని ఫ్లాట్లవీ కలిపి రోజుకు పద్దెనిమిది నుంచి ఇరవై కిలోల తడి చెత్త వస్తుంది. ఒక డ్రమ్ము నిండటానికి పది రోజులు పడుతుంది, ఎందుకంటే పైన వేస్తూ ఉంటే కింద అణిగిపోతూ ఉంటుంది. ఎనిమిదోది నిండేలోపు మొదటిది ఎరువై సిద్ధంగా ఉంటుంది. రెండు రోజులకోసారి కర్రతో కలియబెట్టాలి. గుప్పిట్లో పిండితే రెండు చుక్కలు రావాలి, ధారగా కారితే ఆకులు వేయాలి, అసలు రాకపోతే కాసిని నీళ్లు చల్లాలి. ఇంతకు మించి కిటుకేమీ లేదు. పులుసు, నూనె కూరలు, మాంసం ఎముకలు మొదట్లో వేయకండి, చెయ్యి తిరిగాక కొంచెం కొంచెంగా కలపొచ్చు. తెల్లటి పురుగులు కనపడతాయి, కంగారు పడొద్దు, వాటి పని అవి చేసుకుంటాయి, ఆకులు ఇంకో పొర వేస్తే తగ్గిపోతాయి.

ఈ పని వాచ్‌మన్ కుటుంబం మీద ఊరికే రుద్దలేదు, ఇది ముఖ్యం. కలియబెట్టడానికి, ఆకులు తేవడానికి నెలకు ఇంటికి నూరు రూపాయలు వేసుకుని వాళ్లకు విడిగా ఇస్తున్నాం, చేతులకు గ్లవ్స్ కొనిచ్చాం. చాలా చోట్ల ఇలాంటి పథకాలు నాలుగు నెలల్లో ఆగిపోవడానికి కారణం నాకు తెలిసినంతలో ఇదే, మనకు పుణ్యం, వాళ్లకు చాకిరీ.

ఆకులు ఎక్కడివి అంటారా? మా వీధి చివర పార్కు ఉంది. శీతాకాలం వస్తే రాలిన ఆకుల్ని కుప్పలేసి అంటించేవాళ్లు, ఆ పొగ ఉదయం నడకకు వచ్చేవాళ్లంతా మింగేవాళ్లు. ఇప్పుడు ఆ ఆకులు గోనె సంచుల్లో మా దగ్గరికి వస్తున్నాయి. ఊడ్చే ఆమెకు కూడా అంటించే బాధ తప్పింది.

ఎక్కడికి వెళ్లి చెప్పినా ఒకే ప్రశ్న వస్తుంది. "మేం వేరు చేసి ఇస్తే మాత్రం ఏం లాభమండీ, ఆటోవాళ్లు మళ్లీ అన్నీ కలిపేస్తారు." నిజమే, చాలా చోట్ల కలుపుతున్నారు, నేనూ చూశాను, చూసినప్పుడు ఒళ్లు మండింది. కానీ తడిది అసలు బయటికే రాకపోతే ఆయన కలపడానికి ఏముంటుంది? మా గేటు దగ్గర ఇప్పుడు పొడి చెత్తే ఉంటుంది. అందులో అట్టలు, సీసాలు, పాల కవర్లు నెలకోసారి పాత సామాన్లతను వచ్చి కొనుక్కుపోతాడు, ఆ డబ్బు కూడా డ్రమ్ముల ఖాతాలోనే వేస్తున్నాం. ఆటోకి ఇచ్చేది రోజుకు ఒక చిన్న సంచి, అదీ శానిటరీ, ఇంకెవరూ కొననివి. వ్యవస్థ బాగుపడేదాకా ఆగుదామని కూర్చుంటే మా చెల్లెలి పిల్లాడు పెద్దవాడైపోతాడు.

ఇది కొత్త విడ్డూరమేమీ కాదు. ఇరవై ఏళ్ల కిందటే సూర్యాపేట మున్సిపాలిటీ రోడ్ల మీద కుండీలు తీసేసి, ఇళ్ల దగ్గరే తడి పొడి వేరుగా తీసుకుని, తడిదాన్ని ఎరువు చేసి, పొడిదాన్ని అమ్మి దేశమంతా వచ్చి చూసేలా చేసింది. మన బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు పది టన్నుల కూరగాయల చెత్త నుంచి గ్యాసు, దాని నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు తీసేలా ప్లాంటు పెట్టారు, దానికి టెక్నాలజీ ఇచ్చింది తార్నాకలో ఉన్న రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిబంధనల్లో, ఐదు వేల చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తను వీలైనంత వరకు లోపలే శుద్ధి చేసుకోవాలని స్పష్టంగా రాశారు. స్విమ్మింగ్ పూల్, జిమ్, క్లబ్ హౌస్ అన్నీ ఉన్న గేటెడ్ కమ్యూనిటీల్లో ఎరువు గుంతకు చోటు లేదంటే నేను నమ్మను. మేం చిన్నవాళ్లం, ఆ రూలు మాకు వర్తించేది కూడా కాదు, అయినా కారు పార్కింగ్ అంత స్థలంలో చేసుకుంటున్నాం.

ఇండిపెండెంట్ ఇళ్లవాళ్లకు ఇది ఇంకా తేలిక. పెరట్లో రెండడుగుల గుంత చాలు. మా అమ్మగారి ఊళ్లో బియ్యం కడిగిన నీళ్లు కుడితి తొట్టిలోకి, తొక్కలు గేదె ముందుకి, మిగిలింది పెంటకుప్ప మీదికి పోయేది. చెత్తబుట్ట అనే వస్తువే ఆ ఇంట్లో ఉండేది కాదు.

చెత్త గురించి తలపెట్టాక నీళ్ల గురించి కూడా ఆలోచించక తప్పలేదు, అదీ నాలుగు మాటల్లో చెబుతాను. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడని మన పెద్దలు అనేవాళ్లు. 1908లో మూసీ వరద ఊరిని ముంచేశాక కట్టిన చెరువు అది, 1920లో పూర్తయింది, దాని నీళ్లు వాలున నడిచి ఊళ్లోకి వచ్చేవి. ఇప్పుడు మనం తాగేది ఎక్కువగా కృష్ణ, గోదావరి నీళ్లు. నాగార్జునసాగర్ నిండితే నీటిమట్టం 590 అడుగులు, అంటే దాదాపు 180 మీటర్లు. మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. నూరు కిలోమీటర్లకు పైగా దూరం, మూడు వందల మీటర్లకు పైగా ఎత్తు, మోటార్లు పెట్టి ఎక్కించాలి. వెయ్యి లీటర్లను 350 మీటర్లు ఎత్తాలంటే లెక్క ప్రకారమే దాదాపు ఒక యూనిట్ కరెంటు కావాలి, మోటార్లలో, పైపుల్లో పోయేది కలిపితే ఇంకా ఎక్కువ. నెలకు 20 వేల లీటర్లు ఉచితం అని మన బిల్లులో సున్నా కనపడుతుంది గానీ, ఆ నీళ్ల వెనక ఇరవై యూనిట్లకు పైగా కరెంటు ఖర్చయి ఉంటుంది. అలా ఎక్కించి తెచ్చిన నీళ్లను పైపు పెట్టి కారు మీద కొట్టడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఒక బకెట్, ఒక గుడ్డ చాలదా?

మా అపార్ట్‌మెంట్‌లో ఎక్కువ నీళ్లు పోతున్నది ఎక్కడో తెలుసా? ఫ్లష్ ట్యాంకుల్లో. లోపలి వాషర్ అరిగిపోయి సన్నగా, చప్పుడు లేకుండా కారుతూ ఉంటుంది. రాత్రి పడుకునే ముందు ట్యాంకులో కాస్త మిఠాయి రంగు కలిపి, ఎవరూ ఫ్లష్ చేయకుండా ఉంచి, పొద్దున్నే చూశాం. ఇరవై నాలుగు ఇళ్లలో తొమ్మిదింటిలో కింద రంగు కనపడింది. వాషర్ ఖరీదు వంద రూపాయల లోపే. ఆ నెల నుంచి మేం తెప్పించే ట్యాంకర్లు వారానికి ఒకటి తగ్గాయి. ఆర్ఓ మిషన్ సంగతీ అంతే, చాలా మిషన్లు ఒక లీటరు మంచినీళ్లిచ్చి రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తాయి. కుళాయి నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) తక్కువే ఉన్న ఇంట్లో అసలు ఆర్ఓ ఎందుకో ఒకసారి మీటర్ పెట్టి చూసుకోండి. తప్పదంటే ఆ వదిలేసిన నీళ్లు బకెట్‌లో పట్టి ఇల్లు తుడవండి, బాత్రూంలో వాడండి.

వాన లెక్క ఇంకా బాధపెడుతుంది. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 200 గజాల డాబా మీద పడేదే లక్ష లీటర్లు దాటుతుంది. దాన్నంతా పైపు పెట్టి రోడ్డు మీదికి వదిలేసి, రోడ్డు మునిగిందని తిట్టుకుని, మార్చి రాగానే ట్యాంకర్ కోసం ఫోన్ చేస్తాం. మేం పోయిన వేసవిలో డాబా పైపుల్ని పాత ఎండిపోయిన బోరు పక్కన తవ్విన ఇంకుడు గుంతలోకి కలిపాం. పెద్ద కంకర, చిన్న కంకర, ఇసుక, పైన మెష్, అంతే. వానాకాలం ముందు ఇసుక పొర కడగకపోతే పూడిపోతుంది, ఇది మరిచిపోయే చాలా ఇళ్లలో గుంతలు ఉత్త పేరుకే మిగిలాయి.

కరెంటు గురించి మీ పాఠకులకు తెలియనిది కొత్తగా చెప్పేదేమీ లేదు. ఏసీ వేసుకోవద్దని నేను అనను, మే నెలలో పైఅంతస్తులో ముసలివాళ్లుంటే వేయక తప్పదు. 18లో పెట్టి దుప్పటి కప్పుకోవద్దు అంటాను. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది, 24లో పెట్టి ఫ్యాన్ వేస్తే చాలు. పాత ఫ్యాన్ పాడైనప్పుడు రిపేరుకు పంపేకన్నా బీఎల్‌డీసీ ఫ్యాన్ కొంటే 75 వాట్ల చోట 30 వాట్లతో తిరుగుతుంది, రోజంతా తిరిగే హాల్లో ముందు మార్చండి. మెట్రో, బస్సు అందుబాటులో ఉన్న దారికి కారు తీయకండి.

ఇంకొక్క మాట, తిండి గురించి. డ్రమ్ములు పెట్టాక మాకు తెలిసింది ఏమిటంటే, పండగల తర్వాత, ఫంక్షన్ల తర్వాత డ్రమ్ము రెండు రోజుల్లో నిండుతుంది. పోయిన మాఘమాసంలో ఒక ఫ్లాట్‌లో గృహప్రవేశం అయింది. మర్నాడు వచ్చిన మూటలో బిర్యానీ, పెరుగన్నం, విరగని బూరెలు, దాదాపు పద్నాలుగు కిలోలు. వాటితో పాటు సగం తాగి వదిలేసిన చిన్న నీళ్ల సీసాలు వందకు పైగా. ఆ బూరెలు డ్రమ్ములో వేస్తుంటే వాచ్‌మన్ భార్య ఏమీ అనలేదు, నేనూ తనవైపు చూడలేకపోయాను. ఎరువు చేస్తున్నాం కదా అని పారేసే హక్కు మనకు రాదు. ఇప్పుడు మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరింట్లో ఫంక్షన్ అయినా క్యాటరింగ్ వాళ్లకు ఇరవై మంది తక్కువ చెప్పాలి, మిగిలింది చెయ్యి తగలక ముందే డబ్బాల్లో సర్ది, అందరికన్నా ముందు వాచ్‌మన్ ఇంటికి, తర్వాత పక్కన కడుతున్న బిల్డింగ్ పనివాళ్లకు ఇవ్వాలి. సిద్దిపేటలో ఫంక్షన్లకు స్టీలు పళ్లేలు, గ్లాసులు ఇచ్చే స్టీల్ బ్యాంకులు పెట్టారని చదివి మేమూ ఇంటికి కొంత డబ్బు వేసుకుని నూట యాభై స్టీలు గ్లాసులు, కుళాయి ఉన్న నీళ్ల డ్రమ్ములు రెండు కొని వాచ్‌మన్ గది పక్కన అలమరాలో పెట్టాం. ఎవరికి కావాలన్నా ఊరికే తీసుకోవచ్చు, కడిగి తిరిగి పెట్టాలి.

సంపాదకుడు గారూ, మీకు ఒక విన్నపం. డంపింగ్ యార్డు దగ్గర కాలనీల బాధ గురించి మీరు రాస్తున్నారు, రాయండి, ఇంకా రాయాలి. దానితో పాటు వారానికి ఒక చిన్న కాలమ్ పెట్టి, మా లాంటి అపార్ట్‌మెంట్లు, బస్తీలు ఎక్కడెక్కడ తడి చెత్తను లోపలే ఆపుతున్నాయో, ఎంత ఖర్చయిందో, ఎక్కడ దెబ్బతిన్నారో వాళ్ల మాటల్లోనే వేయండి. పాత ట్యూబ్‌లైట్లు, బ్యాటరీలు, గడువు దాటిన మందులు, పాడైన ఫోన్లు మా అట్టపెట్టెలో పేరుకుపోతున్నాయి, ఏ వార్డులో ఎక్కడ తీసుకుంటారో కనుక్కుని చిరునామాలతో ప్రచురించండి. దాని కోసం మేం మూడు ఆఫీసులు తిరిగాం, ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పారు. మీరు అడిగితే చెబుతారు.

ఏడో డ్రమ్ము నిన్న నిండింది. మొదటిది ఆదివారం తీస్తాం, జల్లెడ పడితే ముప్పై కిలోల దాకా ఎరువు వస్తుందని అంచనా. అందులో రెండు సంచులు దమ్మాయిగూడకు పంపిస్తున్నాను, వాళ్ల ఇంటి ముందు వేసిన కానుగ మొక్కలకు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మల్కాజిగిరి, హైదరాబాద్